కార్డు మీద 512, తెర మీద 488

ముప్పై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేశాను. అందులో నలుగురూ మెచ్చుకున్న పనులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి ఇప్పుడెవరూ అడగరు, నాకూ చెప్పాలనిపించదు. చెప్పాలనిపించే సంగతి ఒక్కటే. ఒక అంకెను తెర మీద ఎలా చూపించాలన్న దాని మీద నాలుగు నెలలు వాదించి, చివరికి గెలిచాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదివి జాగ్రత్తపడతారన్న ఆశ మాత్రం లేదు. ఆ వయసులో నాకూ పెద్దవాళ్ళు ఇలాంటివి చాలా చెప్పారు. టీ చల్లారిపోతుందని మధ్యలోనే లేచి వెళ్ళేవాణ్ణి.

తడ దగ్గర పారిశ్రామికవాడలో ఒక షెడ్డు మా కంపెనీ. నలభై మందిమి ఉండేవాళ్ళం. రొయ్యల గుంటల కోసం ఒక పెట్టె తయారుచేసేవాళ్ళం. చూడ్డానికి టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. మూత మీద ఒక చిన్న తెర, అంతా సరిగా నడుస్తుంటే పచ్చగా వెలిగే లైటు. దాని నుంచి ఒక వైరు నీళ్ళలోకి దిగి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెడుతూ ఉంటుంది. తగ్గిందంటే నీళ్ళను చిలికే ఏరియేటర్లను పెట్టె తనే ఆన్ చేస్తుంది. కనిపెట్టినదంతా లోపలున్న చిన్న మెమరీ కార్డులో రాసి పెట్టుకుంటుంది. గాలి అందకపోతే రొయ్య గంటల్లో పోతుంది కాబట్టి రైతు గట్టు వదిలి ఎక్కడికీ కదలలేడు. మా పెట్టె బిగించాక కదలగలిగాడు. నలుగురిలాగే ఒక పెళ్ళికో, ఆస్పత్రికో పోయి రాగలిగాడు. దాని కోసమే మా పెట్టె కొనేవాళ్ళు.

పెట్టెలో అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అందరికీ ఉచితంగా దొరికే కెర్నెల్‌నే తెచ్చుకొని మాకు కావలసినట్టు మార్చుకున్నాం. దాన్ని చూసుకునే పని ఒక అమ్మాయిది. బిట్రగుంటలో రైల్వే కాలనీలో పెరిగిన పిల్ల. తండ్రి గూడ్స్ బండి గార్డు. కాలేజీ నుంచి తిన్నగా మా దగ్గరికే వచ్చి ఆరేళ్ళయింది. ఆదివారం చర్చికి పోవడం తప్పిస్తే మిగతా రోజులన్నీ ఆ షెడ్డులోనే. తక్కువ మాట్లాడేది. తెలియనిది తెలియదని చెప్పేది, తెలిసినదాన్ని రెండోసారి సరిచూసుకుని చెప్పేది. నేను డిజైన్ విభాగానికి పెద్దను. నాకు ఏ మాటైనా రెండుసార్లు సరిచూసుకునే అలవాటు లేదు.

ఒకరోజు అల్లూరు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. రెండు గుంటలు కౌలుకు తీసుకుని, కొత్తగా మా పెట్టె పెట్టించుకున్న మనిషి.

"సార్, కార్డు మీద 512 అని రాసుండాది. తెర మీద చూస్తే ఖాళీ 488 అని చూపిస్తా ఉంది. మిగతా ఇరవై నాలుగు యాడికి పోయినాయి?"

ఎక్కడికీ పోలేదు. కార్డు తయారుచేసేవాళ్ళు వెయ్యి బైట్లను ఒక కేబీ, వెయ్యి కేబీలను ఒక ఎంబీ అంటారు. మా కెర్నెల్ రెండు చోట్లా వెయ్యిన్నీ ఇరవై నాలుగు లెక్క వేస్తుంది. సరుకు ఒకటే, కొలిచే శేరు వేరు. ఆ రైతుకు ఇది చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని, "అయితే ఎవురో ఒకరు తప్పుడు శేరు వాడతా ఉన్నారు గదా సార్" అన్నాడు. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? మనుషులకు అర్థం కాని అంకె మనుషులకు ఎందుకు చూపించాలి?

మర్నాడే ఒక ప్రతిపాదన రాసి అందరికీ పంపాను. కెర్నెల్ ఖాళీ చోటు చెప్పే లైను మార్చాలి. ఇకపై వెయ్యి లెక్కనే చెప్పాలి. ఎప్పుడూ ఎంబీల్లోనే చెప్పడం మానేసి, ఎక్కువుంటే ఎంబీల్లో, తక్కువుంటే కేబీల్లో, మనిషి చదువుకోవడానికి హాయిగా ఉండేలా చెప్పాలి.

ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఆ లైను ఎప్పట్నుంచో ఎంబీల్లోనే చెప్తా ఉంది. దాన్ని కదిలించొద్దు సార్. మనుషులకు చూపించేది కావాలంటే పైన తెర ప్రోగ్రాంలో మార్చుకుందాం. అడుగున అంకె అట్టనే ఉండనీండి."

"అడుగున ఒకటీ పైన ఒకటీ చెప్తే దాన్ని అబద్ధం అంటారమ్మా" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వడం నాకు బాగా నచ్చింది. ఆ నవ్వు కోసమే తర్వాత నాలుగు నెలలు వాదించానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎంత వాదించుకున్నామో చెబితే మీరు నమ్మరు. వెయ్యి లెక్కా, వెయ్యిన్నీ ఇరవై నాలుగు లెక్కా అన్నదానికి ఒక నెల. కేబీలో కె పెద్దక్షరమా చిన్నక్షరమా అని వారం. ఆ రెండు శేర్లకూ తేడా తెలిసేలా లోకంలో ఎవరో పెద్దలు మెబీబైట్ అని వేరే పేరు కూడా పెట్టారు. ఆ పేరు వినగానే టెస్టింగ్ చూసే అతను, "మేక అరిచినట్టుంది సార్" అన్నాడు. దాన్ని అక్కడితో వదిలేశాం. 999.6 కేబీలు ఉంటే దాన్ని వెయ్యి కేబీలు అనాలా, ఒక ఎంబీ అనాలా అని తొమ్మిది రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. గుంటల దగ్గర ఏ రైతుకూ ఆ ప్రశ్న వచ్చి ఉండదు. క్యాంటీన్‌లో రెండు జట్లుగా కూర్చునేవాళ్ళు. నేను లెక్చరరులా నిలబడి చెప్పేవాణ్ణి. ఆమె మాత్రం ప్రతిసారీ ఒకే మాట, కొంచెం కొంచెం మార్చి, మర్యాదగా రాసేది. ఆ లైను మీద ఏవేవి ఆధారపడి ఉన్నాయో మనకు తెలియదు సార్, అని.

నాలుగో నెల చివర మేనేజరు విసుగెత్తి, "ఇంకెన్నాళ్ళు?" అని అడిగాడు. అయిపోయింది, రేపు పెట్టెల్లోకి పంపిస్తున్నాం అనేశాను. అప్పటికి ఆమె ఒప్పుకోలేదు. నా మాట నిలబడాలి కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. నేను చెప్పినట్టే రాసింది. రాసినవాళ్ళ పేరు దగ్గర ఆమె పేరే పడింది, ఎప్పుడూ అంతే. పంపించే ముందు నాకొక మెయిలు పెట్టింది. ఈ లైనును మన పెట్టెలో ఇంకేదైనా ప్రోగ్రాం చదువుతోందేమో వెతకడానికి ఒక్క వారం గడువు ఇవ్వండి సార్, అని.

జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మనుషుల కోసం రాసిన లైనును ప్రోగ్రాములు చదవవు. వెతకక్కర్లేదు. రేపు పంపండి."

పంపింది. ఫోన్ నెట్‌వర్క్ మీద అన్ని పెట్టెల్లోకీ మార్పు పోయింది. నెల తిరక్కముందే అల్లూరు రైతు మళ్ళీ ఫోన్ చేశాడు. కార్డు మార్చి కొత్తది పెట్టుకున్నాడట.

"సార్! 512 వచ్చినాయి సార్. పోయినవి దొరికినాయి."

షెడ్డంతా వినబడేలా నవ్వాను. ఆ మాటను మెయిల్లో రాసి అందరికీ పంపాను, ఆమెకు కూడా. చాలామంది మెచ్చుకుంటూ జవాబు రాశారు.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ పొడ లేదు. ఎండ లేకపోతే గుంటలో నీటికి పచ్చరంగునిచ్చే నాచు చచ్చి, ఉన్న ఆక్సిజన్‌ను అదే లాగేసుకుంటుంది. అలాంటి రోజుల కోసమే మా పెట్టె. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి ఆ రైతు ఫోన్. గొంతు వేరేగా ఉంది.

"రొయ్య తేలిపోయింది సార్. రెండు గుంటలూ."

ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ ఆ అమ్మాయీ కంపెనీ జీపులో బయల్దేరాం. దారి పొడవునా సన్నగా వాన. ఆమె ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది, తెరవలేదు. వైరు తెగి ఉంటుంది, కరెంటు పోయి ఉంటుంది, అని నేనే ఏవేవో చెబుతూ పోయాను.

గుంటకు చేరకముందే వాసన తగిలింది. గట్టు మీద రొయ్యను వలలతో లాగి కుప్ప పోస్తున్నారు. తెల్లగా, మెత్తగా అయిపోయి ఉంది. పట్టుబడికి ఇంక పది రోజులే ఉండిందట. రైతు భార్య కుప్ప పక్కన గొంతుకూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. రైతు లేచి వచ్చాడు. ఆయన తిడతాడనుకుని నేను సిద్ధపడి వచ్చాను. ఆయన పెట్టె దగ్గరికి తీసుకుపోయి, మూత మీద చెయ్యి పెట్టాడు.

"లైటు పచ్చగానే ఉండింది సార్. నేను నిన్న పొద్దున కావలి పోయినా. పాప హాస్టల్లో చదవతా ఉంది, తల్లిదండ్రులను రమ్మన్నారు. ఇన్నేండ్లలో నేను ఎప్పుడూ పోలా, ఎప్పుడూ ఆమే పోయేది. ఈసారి పాప నన్నే రమ్మనింది. పెట్టె ఉంది గదా అని ఇద్దరం పోయినాం. పచ్చ లైటు చూసే పోయినా సార్."

పక్క గుంట రైతు రొయ్య పైకి రావడం చూసి, పరిగెత్తుకొచ్చి ఏరియేటర్లు చేత్తో ఆన్ చేశాడట. అప్పటికే ఆలస్యమైంది.

ఆ అమ్మాయి తడి గట్టు మీదే కూర్చుని, ఒక సంచీ కప్పుకుని, పెట్టెకు లాప్‌టాప్ తగిలించింది. అరగంట పట్టింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"సార్, చూడండి. పాత లెక్కలు చెరిపేసే ప్రోగ్రాం ఒకటుంది. ఎవరో ఎనిమిదేండ్ల కిందట రాసి మద్రాసు పోయినాడు. రోజూ పొద్దున ఒకసారి లేస్తుంది. కెర్నెల్ చెప్పే లైనులో అంకె చదువుతుంది. యాభై కంటే తక్కువుంటే పాతవి చెరిపేసి చోటు చేస్తుంది."

"అయితే?"

"అంకె ఒక్కటే చదువుతుంది సార్. పక్కన ఎంబీనా కేబీనా చూడదు. ఎప్పుడూ ఎంబీనే గదా, చూడాల్సిన పని లేదు. మొన్న పొద్దున 58 ఉండింది, సరే అని పడుకుంది. మబ్బు వల్ల పెట్టె నిమిషానికోసారి హెచ్చరికలు రాసుకుంటా పోయింది. నిన్న పొద్దున మిగిలింది 900 కేబీలు. దానికి 900 కనపడింది. బోలెడంత చోటు ఉందనుకుంది." ఊపిరి తీసుకుంది. "కార్డు నిండిపోయింది. రాయడానికి చోటు లేక మిగతా పెట్టె అంతా ఆడే ఆగిపోయింది. పాత పద్ధతయితే 0 ఎంబీ అని చెప్పేది సార్. 0 చూస్తే చెరిపేసేది."

ఆ మాట ఆమె నన్ను చూసి అనలేదు. తెరను చూసి అంది. తర్వాత లేచి, బట్టలకు అంటిన మట్టి దులుపుకోకుండానే రైతు దగ్గరికి పోయింది.

"అన్నా, తప్పు మాది. పెట్టెలో మేం ఒకటి మార్చినాం. దాని వల్ల ఆగిపోయింది. మీరు చేసింది ఏం లేదు."

మాది అంది. నేను విన్నాను. రైతు ఆమెను చూసి, నన్ను చూసి, "ఏం మార్చినారమ్మా?" అని అడిగాడు.

"512 కనపడేటట్టు మార్చినాం అన్నా."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన ముఖం చూడలేక నేను జీపు వైపు నడిచాను. ఆయన వెనక నుంచి అన్న మాట మాత్రం వినపడింది. "అయితే నేనే గదమ్మా అడిగింది."

ఆ మాట ఆ మనిషి నోట రానిచ్చిన పాపం నాది. వెనక్కి తిరిగి, నువ్వు అడిగింది తప్పు కాదయ్యా, నేను తొందరపడ్డాను అని చెప్పి ఉండాల్సింది. జీపు ఎక్కాక నేను చేసిన పని ఏమిటంటే, కంపెనీని అడక్కుండా తప్పు మాది అని ఎందుకు చెప్పావని ఆ అమ్మాయిని కోప్పడ్డాను.

మూడు రోజుల తర్వాత మీటింగు పెట్టారు. మేనేజరు, యజమాని తరఫున వచ్చిన ఇద్దరు, మేము. అల్లూరులో ఆగిన రోజే ఇంకో రెండు ఊళ్ళలో కూడా పెట్టెలు ఆగాయని తేలింది. ఆ రైతులు గట్టు మీదే ఉన్నారు కాబట్టి గట్టెక్కారు. వచ్చినవాళ్ళలో ఒకాయన కాగితం చూసి, "ఈ మార్పు రాసింది ఎవరు?" అని అడిగాడు. కాగితం మీద ఆమె పేరుంది. రైతు దగ్గర తప్పు ఒప్పుకున్నది కూడా ఆమే.

"నేనే రాసినాను సార్" అంది.

"రాసేముందు, దీన్ని ఇంకేది వాడుతోందో చూసుకోవాలని తెలియదా?"

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే. కోపంగా చూసిందని చెప్పుకుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కోపం లేదు. బల్ల మీద ఉప్పు అందివ్వమని అడిగేటప్పుడు చూస్తామే, అలా చూసింది. నా ముందున్న లాప్‌టాప్‌లో ఆమె వారం గడువు అడిగిన మెయిలు ఉంది, దాని కింద నా మూడు వాక్యాలూ ఉన్నాయి. చెప్పాలనే అనుకున్నాను. వాళ్ళు ఇంకొంచెం చల్లబడ్డాక చెప్దాం అనుకున్నాను. తర్వాత, మేనేజరును విడిగా కలిసి చెప్దాం అనుకున్నాను. మీటింగు మొత్తంలో నా నోట వచ్చిన మాట ఒక్కటే. మంచినీళ్ళు కావాలని అడిగాను.

ఆమెను రాజీనామా చెయ్యమన్నారు. చేసింది. ఆ సాయంత్రమే కెర్నెల్‌లో పాత లైను తిరిగి పెట్టేశారు. నాలుగు నెలల వాదన. తీసెయ్యడానికి పావుగంట పట్టింది, అందులో పది నిమిషాలు టీ. అల్లూరు రైతుకు కంపెనీ కొత్త పెట్టె ఒకటి ఉచితంగా ఇచ్చింది. అది చేరేటప్పటికి ఆయన గుంటలు వదిలేసి, మేత గోడౌన్‌లో మూటలు మొయ్యడానికి పోయాడు. గుంట లేని మనిషికి పెట్టె ఇచ్చి, రసీదు మీద సంతకం తీసుకుని వచ్చారు మావాళ్ళు. పాప చదువు ఏమైందో నేను కనుక్కోలేదు. కనుక్కోవడానికి భయం.

నేను ఇంకో నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. వీడ్కోలు రోజు శాలువా కప్పి, చిన్నవాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి అని ఒకాయన మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు.

నిరుడు కావలిలో ఒక పెళ్ళికి పోయి తిరిగి వస్తూ బిట్రగుంటలో దిగాను. ఎందుకు దిగానంటే ఏం చెప్పను? వయసు మీద పడుతోంది, ఆ మెయిలు నాతోపాటే పోతుందన్న దిగులు ఒకటి పట్టుకుంది. అడిగితే ఇల్లు చూపించారు. రైల్వే కాలనీ దాటాక చిన్న సొంత ఇల్లు. ముందు గదిలో ఒక కంప్యూటరు, జెరాక్సు మిషను. ఊళ్ళోవాళ్ళకు ఉద్యోగాల దరఖాస్తులు నింపి పెడుతోంది. బయట ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు.

నన్ను చూడగానే లేచింది. "సార్! రండి సార్, కూర్చోండి." కుర్చీ తుడిచి వేసింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నేను కూర్చున్నాక మళ్ళీ పనిలో పడింది. ఎవరిదో ఫొటో, ఇరవై కేబీలు దాటితే దరఖాస్తుల వెబ్‌సైటు తీసుకోదట, తగ్గిస్తోంది.

తర్వాత ఎక్కడా ఉద్యోగం రాలేదామ్మా అని అడిగాను. "రెండు చోట్ల అడిగినా సార్. పాత కంపెనీలో ఎందుకు మానేసినారని అడిగినారు. చెప్పినాను. ఇంక పిలవలేదు" అంది, ఫొటో మీద నుంచి కన్ను తిప్పకుండా.

"ఆ మెయిలు నీ దగ్గర ఉండింది గదమ్మా. ఎందుకు చూపించలా?"

"మీరే చెప్తారనుకున్నా సార్."

ఫొటో సేవ్ చేసి, "సాయంత్రం దాకా అనుకున్నా" అంది.

ఇప్పుడైనా కంపెనీకి రాస్తాను, జరిగింది జరిగినట్టు రాస్తాను అన్నాను. నా గొంతు నాకే చేతకానివాడి గొంతులా వినపడింది. ఆమె మొదటిసారి నవ్వింది.

"కంపెనీ యాడుంది సార్? మూసేసి ఏడాదయింది గదా. ఆ షెడ్డులో ప్లైవుడ్డు పెట్టుకున్నారంట. ఎవురికి రాస్తారు?"

నాకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి కాదేమో. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒక చోటు ఉండాలి కదా, అది కూడా లేకుండా పోయింది.

లోపల్నుంచి ఆమె తండ్రి వచ్చాడు. బాగా పెద్దవాడయ్యాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆమె ఫొటో పని ఆపి, "నాయనా, తడలో మా సార్" అంది.

ఆయన గోడ వదిలేసి, రెండు చేతులూ జోడించాడు.

"మీరేనా సార్! ఎన్నాళ్ళకు. ఆ రోజు మీటింగులో అందరూ మా బిడ్డను అంటా ఉంటే మీరొక్కరే లేచి అడ్డం నిలబడినారంట గదా. ఆ బిడ్డ తప్పేం లేదు అన్నారంట. ఇంటికొచ్చి చెప్పింది సార్. ఆ ఒక్క మాట పట్టుకుని బతికినాం. ప్రతి ఆదివారం ప్రార్థనలో మిమ్మల్ని తలుచుకుంటాను."

నేను ఆమె వైపు చూశాను. ఆమె తెర వైపు తిరిగి ఉంది. బయట నిలబడ్డ కుర్రాణ్ణి సంతకం కాగితం ఇమ్మని చెయ్యి చాపింది.

ముసలాయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నేను లేచి ఆ చేతులు పట్టుకుని, "అదెంత పనిలెండి" అన్నాను.